పంచదార లేని ఇల్లు

ఫిబ్రవరి 2

నువ్వూ అడిగావు. బుకాయించకు.

పదమూడేళ్ల పిల్లాడికి షుగరు అని చెవిన పడగానే నీ నోట్లోంచి ఊడిపడిన మొదటి మాట: "అయ్యయ్యో, స్వీట్లు బాగా పెట్టేవాళ్ళా?" రెండోది: "మీ వైపు నుంచా, వాళ్ళ నాన్న వైపు నుంచా?" మూడోది, నీ దూరపు చుట్టం ఎవరికో నెల తిరక్కుండా జబ్బు మాయం చేసిన ఏదో పొడి. అవునా కాదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు.

ఈ డైరీ ఎవరూ చదవరని నాకు తెలుసు. అయినా ఎదురుగా బోనులో ఒకరిని నిలబెట్టకపోతే నాకు వాక్యం నడవదు. ఏళ్ల తరబడి పత్రికకి కాలమ్ రాసిన చేతికి పట్టిన గుణం అది. ఇవాళ బోనెక్కినవాడు మందుల షాపులో నా వెనక నిలబడ్డ పెద్దమనిషి. మా పెద్దాడికి ఇన్సులిన్ తీసుకుంటుంటే నా భుజం మీంచి తొంగి చూశాడు. పక్కనున్న పెద్దాణ్ణి చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఇంత చిన్న వయసులోనా? ముందే చాక్లెట్లు మానిపించాల్సిందమ్మా."

దొరికాడు. వీడిది టైప్ వన్ అని, తిండి వల్ల వచ్చేది కాదని, ఇన్సులిన్ తయారుచేసే కణాలని ఒళ్ళే పొరపాటుపడి నాశనం చేసుకుంటుందని, అందులో పిల్లాడి తప్పు గాని తల్లి తప్పు గాని ఆవగింజంత లేదని, తప్పంటూ ఉంటే తెలియని సంగతిలో తలదూర్చే నోళ్ళదేనని షాపు షాపంతా వినేటట్టు చెప్పాను. బిల్లు కొట్టే అమ్మాయి చప్పట్లు కొట్టలేదు గాని, కొట్టేదే.

వెనక్కి చూస్తే పెద్దాడు లేడు. బయట నిలబడి అద్దానికి అంటించిన టూత్‌పేస్టు ప్రకటన శ్రద్ధగా చదువుతున్నాడు.

"ప్రతివాడికీ చెప్పాలా అమ్మా?" అన్నాడు దారిలో.

"చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుందిరా?"

"వాళ్ళకి తెలిస్తే నాకేంటి?"

సామాజిక స్పృహ ఒక్కరోజులో వచ్చేది కాదు. ఓపిక పట్టాలి.

ఫిబ్రవరి 4

స్కూల్లో గెలిచాను.

ఇన్సులిన్ టాయిలెట్లోకి వెళ్ళి వేసుకోమని కదా ఇన్నాళ్ళూ వాళ్ళ ఆజ్ఞ. "వాడేమన్నా దొంగతనం చేస్తున్నాడా, ఆ కంపులో నిలబడి పొట్టలో సూది గుచ్చుకోవడానికి?" అని ప్రిన్సిపాల్ని నిలదీశాను. ఆయన నీళ్ళు నమిలాడు. ఇక నుంచి స్టాఫ్ రూములో, శుభ్రమైన కుర్చీలో, అందరి ఎదుటా. దర్జాగా.

పెద్దాడితో చెబితే "అందరి ఎదుటా?" అన్నాడు.

"అందరి ఎదుటే! దాచుకోవాల్సిన పనేముంది?"

వాడు సాక్సులు విప్పుకుంటూ "సరే" అన్నాడు. ఆనందం పైకి చూపించే రకం కాదు. వాళ్ళ నాన్న పోలిక.

ఫిబ్రవరి 7

మా ఇంటి రాజ్యాంగంలో ఉన్నది ఒకే ఒక్క అధికరణం: ఒకరికి లేనిది ఎవరికీ లేదు.

పోయినేడు పెద్దాడికి జబ్బని తేలిన వారంలోనే పంచదార డబ్బా, తేనె సీసా, జామ్, బిస్కెట్లు, అన్నీ సంచిలో వేసి బయటికి పంపేశాను. ఆసుపత్రి డాక్టరు వద్దనే అన్నాడు. "ఇంట్లో పంచదార ఉండాలమ్మా. మీవాడు కూడా తినొచ్చు. లెక్క చూసుకుని దానికి తగ్గ ఇన్సులిన్ వేసుకుంటే చాలు." చక్కెర వ్యాపారం డాక్టర్ల నోళ్ళలోకి ఎంత దూరం పాకిందో అప్పుడే అర్థమైంది నాకు. వాదించి వాదించి చివరికి గ్లూకోజ్ బిళ్ళల దగ్గర రాజీకొచ్చాను. ఒంట్లో షుగరు ఉన్నట్టుండి పడిపోతే వెంటనే నమలడానికి అవి ఉంటే చాలు కదా. మందు మందే, తీపి తీపే. వంటింటి సొరుగులో ఒక డబ్బా, వాడి స్కూలు సంచిలో ఒక డబ్బా.

మా ఇంటాయన లిఫ్టుల మెకానిక్. పంచదార లేని టీ మొదటి గుక్క మింగుతూ ఏడాదిగా అదే మొహం పెడుతున్నాడు. "గ్రీజు నయం" అంటాడు. అంటూనే తాగుతాడు. సంఘీభావం అంటే అదీ.

"నా కోసం మానేయమని నేనడగలేదు" అన్నాడు పెద్దాడు, ఇవాళ కూడా. చూశావా వాడి మంచితనం.

ఫిబ్రవరి 9

పిడుగు (మా చిన్నది, ఏడేళ్లు నిండాయి, నోటికి మాత్రం నా వయసు) అడిగింది: "అమ్మా, సమానత్వం ఎప్పుడైపోతుంది?"

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కాలమ్‌లో వాడుకోవాలి.

ఫిబ్రవరి 14

"పంచదార లేని ఇల్లు" అని నా కాలమ్ అచ్చయింది. పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు. పెద్దాడి క్లాసు టీచరు దాన్ని క్లాసులో పైకి చదివి వినిపించిందట!

"ఎలా ఉందిరా?"

"బావుందమ్మా."

"మీ వాళ్ళేమన్నారు?"

"బావుందన్నారు."

ఇంకా ఏమన్నారో అడిగేలోగా స్నానానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పై అంతస్తు కేకులావిడ దిగింది. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఆవిడ పొయ్యి వెలిగిస్తే మెట్లన్నీ వెనిలా వాసన. చేతిలో చిన్న అట్టపెట్టె.

"మీ పాపకండీ. మొన్న మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఊరికే వాసన పీల్చుకుంటోంది. ప్రాణం ఉసూరుమంది నాకు."

గుమ్మం దాటనివ్వకుండానే చెప్పాను. ఒక పిల్లాడు చూస్తుండగా ఇంకో పిల్లకి పెట్టడం ఏం న్యాయం? రంగులూ క్రీములూ పూసి పిల్లల నాలుకలని కొనేసే వ్యాపారం గురించి నా అభిప్రాయం పొద్దున పేపర్లో వచ్చింది, చదివారా? ఆవిడ పెట్టె మూత మెల్లగా నొక్కింది.

"న్యాయం సంగతి నాకు తెలీదండీ. పిల్లకి కేకు తెచ్చాను. అంతే."

వెనక్కి తిరిగితే పిడుగు అక్కడే ఉంది. ఏమీ అడగలేదు. అలవాటు పడుతోంది.

ఫిబ్రవరి 15

కేకులావిడ మెట్ల మీద ఎదురైంది. గోడ చూస్తూ దిగిపోయింది. గోడలు చూడటం నాకూ వచ్చు.

ఫిబ్రవరి 19

"ఎంతుంది?"

"బావుంది."

"బావుంది అనేది అంకె కాదురా."

"నూట పది."

మొహం వేలాడేసుకుని ఉన్నాడు గాని అంకె మంచిదే. అసలు పోయిన నెల నుంచీ అంకెలన్నీ మంచివే. అంతకుముందు ఒకసారి స్కూల్లో షుగరు పడిపోయిందని చెప్పాడు. అప్పుడు నేను చేసిందేమిటి? బాధ్యత గల తల్లి చేసేదే. అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి మూలం తవ్వాను. పొద్దున ఏం తిన్నావు, సూది ఎంత వేసుకున్నావు, ఆటల పీరియడ్ ఉందని ముందే ఎందుకు చెప్పలేదు, తగ్గినప్పుడు టీచరెక్కడ ఉంది. స్కూలుకి ఫోన్ చేసి ఆ టీచర్ని కడిగేశాను. అంతే, ఆ తరువాత మళ్ళీ తగ్గనే లేదు. పద్ధతిగా పట్టుకుంటే ఏదైనా దారికొస్తుంది.

"తగ్గలేదా, చెప్పలేదా?" అన్నాడు ఇంటాయన, గోళ్ళలో నల్లటి గ్రీజు గీక్కుంటూ.

"నీకు అన్నిటికీ అనుమానమే."

"ఏ బిల్డింగు నుంచి ఫోన్ రాదో ఆ లిఫ్టు దగ్గరికే నేను ముందెళ్తా."

ఆయనకి లోకమంతా లిఫ్టులే.

ఫిబ్రవరి 22

వాడు బావున్నాడు.

ఫిబ్రవరి 23

బావున్నాడు. కాస్త చిరాకు పడుతున్నాడు, అంతే. ఆ వయసు అలాంటిది.

ఫిబ్రవరి 25

వాడు బావున్నాడు. నిజంగా బావున్నాడు. పక్క గదిలో తింటున్నాడు, చెంచా కంచానికి తగిలే చప్పుడు వినిపిస్తోంది. ఇవాళ నాకే వాక్యం నడవట్లేదు. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 26

నిన్న మధ్యాహ్నం. ఏదో ఆఫీసులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిందని ఇంటాయన వెళ్ళాడు. నేను బల్ల దగ్గర రాసుకుంటున్నాను. పెద్దాడు బంతాట ఆడి వచ్చాడు. గుమ్మంలో నిలబడి బూటు లేసుతో పోట్లాడుతున్నాడు.

"ఏ వెధవ కట్టాడు దీన్ని!"

"నువ్వే. నోరు అదుపులో పెట్టుకో" అన్నాను తల ఎత్తకుండానే.

తరువాత చప్పుడు లేదు. ఎత్తి చూస్తే గోడకి జారగిలబడి ఉన్నాడు. మొహానికి సున్నం కొట్టినట్టుంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు ఆకుల్లా వణుకుతున్నాయి.

"తగ్గిందా?"

తల ఊపాడు. వేలు గుచ్చి చూశాం. నలభై ఎనిమిది.

సంచిలో డబ్బా తీశాను. ఖాళీ. అడుగున తెల్లటి పొడి తప్ప ఏమీ లేదు. సరే, వంటింట్లో ఉంది కదా అని పరుగెత్తి సొరుగు లాగాను. డబ్బా బరువుగానే ఉంది, గలగలమంది. మూత తీస్తే గోళీలు. ఎర్రవి, నీలివి, పిడుగు ఆడుకునే గాజు గోళీలు.

అలమర తెరిచాను. జామ్ లేదు. తేనె లేదు. పండ్ల రసం లేదు. బిస్కెట్ ముక్క లేదు. బుట్టలో ఒక ఎండిపోయిన నిమ్మకాయ. ఏడాదిగా అందరికీ తెరిచి చూపించి మురిసిపోయిన అలమర అది. ఎంత శుభ్రంగా ఉందో.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. కేకులావిడ తలుపు రెండు చేతులతో బాదాను. తెరిచింది. మోచేతుల దాకా పిండి.

"పంచదార" అన్నాను. సభల్లో మైకు లాక్కుని మాట్లాడిన నోరు. ఆ ఒక్క మాటే వచ్చింది.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. తలుపు నా మొహాన వేసి ఉంటే నేను తప్పు పట్టలేను. వేయలేదు. లోపలికి దూకి, ఒక చేత్తో పంచదార డబ్బా, ఇంకో చేత్తో క్రీము కేకు పట్టుకుని నాకంటే ముందు మెట్లు దిగింది. భారీ మనిషి, ఆ కాళ్ళలో అంత పరుగు ఎక్కడ దాచుకుందో. కేకు వాడి నోటి దగ్గర పెట్టబోయింది. వాడే తల తిప్పుకున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"కేకు కాదాంటీ... క్రీముంటే లేటవుతుంది. నీళ్ళలో పంచదార."

ప్రాణం మీదికొచ్చినవాడు మాకు పాఠం చెబుతున్నాడు. చెంచా కనిపించక ఆవిడ వేలితోనే తిప్పింది. వాడు తన చేత్తోనే గ్లాసు పట్టుకుని తాగాడు, సగం చొక్కా మీద పోసుకుంటూ. మేమిద్దరం వాడి ఎదుట నేల మీద కూర్చున్నాం. కాసేపాగి మళ్ళీ చూశాం. డెబ్భై తొమ్మిది. ఇంకాసేపాగి చూశాం. నూరు దాటింది. చెంపల్లోకి రంగు దిగింది.

"ఇప్పుడు పెట్టండి కేకు" అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చేసింది. ఆవిణ్ణి చూసి నేనూ.

క్రీముతో సహా తిన్నాడు. వేళ్ళు నాకాడు. ఏడాది తరువాత నా కొడుకు కేకు తినడం చూశాను. అంత మామూలుగా ఉంటుందని మరిచిపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో పిడుగు చప్పుడే లేదని.

ఫిబ్రవరి 27

మొన్నటి సంగతే. పిడుగు మంచం కింద ఉంది. గోడ మూలకి ముడుచుకుని. రమ్మంటే రాలేదు.

"పోలీసులొచ్చారా?"

"పోలీసులెందుకొస్తారే?"

"నేను అన్నయ్యని చంపేశాను కదా."

"అన్నయ్యకేం కాలేదు. బయట కేకు తిని కూర్చున్నాడు."

మంచం కింద నుంచి గావుకేక. "కేకా! ఎందుకు పెట్టారు! మళ్ళీ జబ్బు ఎక్కువైపోతుంది!"

ఏడుపు మధ్య ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. బిళ్ళలు తిన్నది తనే. ముందు ఒకటి, రుచి చూద్దామని. నారింజ రుచి. తరువాత రోజుకొకటి. "మందు మందే, తీపి తీపే అని నువ్వే అన్నావు కదా. మందు సమానత్వంలోకి రాదు కదా." డబ్బా తేలికైతే నాకు తెలుస్తుందని గోళీలు పోసింది. నా కూతురు. తర్కంలో నా కూతురే.

నేను తిట్టలేదు. కానీ అసలు సంగతి అది కాదు. అది తరువాత వచ్చింది.

"మొదట కూడా నేనే."

"మొదట అంటే?"

"పోయినేడు నా పుట్టినరోజుకి నా కేకు ముక్క కూడా అన్నయ్యకే పెట్టా. నాకు కడుపు నిండిపోయింది. తర్వాతే కదా వాడు ఆసుపత్రికి వెళ్ళాడు. అందుకే కదా నువ్వు తీపి మొత్తం పారేశావు."

ఏడాది. ఏడాదిగా ఈ పిల్ల దీన్ని మోస్తూ మెట్ల మీద వాసన పీల్చుకుంటోంది.

తీపి వల్ల రాలేదని మందుల షాపులో, బస్సులో, పత్రికలో గొంతు చించుకున్నాను. ఇంటికొచ్చి అదే తీపిని హంతకుణ్ణి తరిమినట్టు తరిమాను. ఏడేళ్ల పిల్ల నా వ్యాసం చదువుతుందా, ఖాళీ అలమర చదువుతుందా? ఊరంతటికీ చెప్పాను. ఇంట్లో ఉన్న పిల్లకి ఒక్కసారి చెప్పలేదు. చిన్నది, దానికేం తెలుస్తుంది అనుకున్నాను. దానికి అన్నీ తెలిశాయి, తప్పుగా.

మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను. "చూడమ్మా, పొట్ట వెనకాల ప్యాంక్రియాస్ అని ఒక గ్రంథి..."

"నాకొద్దు!" చెవులు మూసుకుంది.

పెద్దాడు వచ్చాడు. మూతికి క్రీము. నన్ను పక్కకి జరిపి నేల మీద బోర్లా పడుకుని తల మంచం కిందికి పెట్టాడు.

"ఒసేయ్ పిడుగూ. కంచే చేను మేసిందని అమ్మ ఎప్పుడూ రాస్తుంది, తెలుసా?"

"కంచె ఎలా మేస్తుంది? దానికి నోరుండదుగా."

"మేయకూడదు. నా ఒంట్లో మేసింది. జలుబూ జ్వరం తెచ్చే క్రిముల్ని తన్నడానికి ఒంట్లో కాపలావాళ్ళుంటారు. వాళ్ళకి మతిపోయి ఇన్సులిన్ చేసే మనవాళ్ళనే తన్నేశారు."

"అమ్మ చెప్పే పోలీసుల్లాగానా?"

"అచ్చం."

"వాళ్ళకి కేకంటే కోపమా?"

"కేకుతో వాళ్ళకి పనేంటే? నువ్వు కేకు పెట్టినా తన్నేవాళ్ళే, చెప్పులు ఉడకబెట్టి పెట్టినా తన్నేవాళ్ళే."

చిన్న నవ్వు, ముక్కు ఎగబీల్చుకుంటూ. "ఒట్టు?"

"ఒట్టు."

"మరి నాకూ వస్తుందా?"

ఛ, నీకెందుకొస్తుంది అని నేను నోరు తెరవబోయాను. వాడు వెనక్కి చెయ్యి చాపి నా మోకాలు నొక్కాడు.

"తెలీదు. రాకపోవడానికే ఎక్కువ ఛాన్సు. వస్తే మాత్రం సూది వేసుకోవడం నేను నేర్పిస్తా. నాకప్పుడు ఇంట్లో ఎవరూ లేరు నేర్పించడానికి. నీకు నేనున్నా."

"నువ్వు చచ్చిపోతావా?"

"చూసుకోకపోతే ప్రమాదమే. చూసుకుంటాగా. అందుకే బిళ్ళలు. మళ్ళీ వాటి జోలికొచ్చావో, ముందు పోయేది నువ్వే, నా చేతుల్లో."

వచ్చింది బయటికి. జుట్టు నిండా దుమ్ము, బూజు. వాణ్ణి గట్టిగా కరుచుకుని, తరువాత వాడి మూతి వాసన చూసింది.

"వెనిలా" అంది.

మార్చి 1

సంచిలో డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందని నేను అడగలేదు. నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఇంటాయన అడిగాడు, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, వాతావరణం గురించి అడిగినట్టు.

"ఎప్పుడో" అన్నాడు పెద్దాడు. "స్కూల్లో అప్పుడప్పుడూ తగ్గుతోంది నాన్నా. ఆటలున్న రోజు తప్పకుండా."

"మరి కొత్త డబ్బా అడగలేదేం?"

"అడిగితే అమ్మ మీటింగ్ పెడుతుంది."

నా వైపు చూడలేదు. బల్ల చెక్క మీద గీత ఒకటి గోటితో గీకుతూ మొత్తం చెప్పాడు. స్టాఫ్ రూములో టీచర్లు టీ తాగుతూ వాడి పొట్ట వైపు చూస్తారు. నా వ్యాసం చదివాక క్లాసులో వాడి పేరు "పంచదార" అయింది. అలా పిలిస్తే పలుకుతున్నాడు కూడా.

"నాకు చెబితే..."

"చెబితే వాళ్ళ మీద కూడా రాస్తావు. నీకు ఎప్పుడూ ఎవరో ఒకరు తప్పు చేసుండాలమ్మా. నేనో, టీచరో, కంపెనీవాళ్ళో. ఒక్కోసారి ఊరికే తగ్గుతుంది. అంతే."

స్టాఫ్ రూము టాయిలెట్ కంటే నయం కదా అని వాదించాలనిపించింది. అది నిజం కూడా. స్కూలు చేసింది అన్యాయమే, ఇప్పటికీ అన్యాయమే, ఆ మాట మీద నేను ఒక్క మెట్టు కూడా దిగను. కానీ ఆ పోట్లాట వాడిదో నాదో వాణ్ణి ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

వాడు వెళ్ళాక ఇంటాయన అన్నాడు: "లిఫ్టులో బరువెక్కువై బజర్ మోగుతుంది చూడు. అందరూ ఒకరి పొట్టలొకరు చూసుకుంటారు, ఎవడు లావా అని. ఎవరో ఒకరు దిగితే చాలు, తలుపు మూసుకుంటుంది."

"నేను లావంటావా?"

"దిగు కాస్త అంటున్నా."

ఏడుస్తూ నవ్వాను.

మార్చి 3

పంచదార కొన్నాను. అంతటితో సరిపోదని పై అంతస్తు తలుపు కొట్టాను, ఈసారి మెల్లగా. కేకులావిడ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఏమండీ రచయిత్రి గారూ, ఇవాళ న్యాయం కావాలా, పంచదార కావాలా?"

"రెండూ."

"న్యాయం స్టాకు లేదు. మిగతాది చూస్తా, రండి."

పొయ్యి పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. క్షమాపణ చెప్పబోతే "అబ్బ, వదిలేద్దురూ, కేకు మాడుతుంది" అంది. ఒక్కో ముక్కలో పంచదారా పిండీ ఎంతెంత పడతాయో చెబితే చాలన్నాను, దానికెంత ఇన్సులిన్ అన్నది పెద్దాడు చూసుకుంటాడు. ఆవిడ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ చెప్పింది. నిమ్మకాయ కేకుకి వచ్చేసరికి లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చింది.

మార్చి 6

ఆసుపత్రి. పెద్దాడు ఒక్కడే లోపలికెళ్ళాడు, నేను బయట కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, నేనే. తలుపు వెనక నుంచి వాడి నవ్వు వినిపించింది. డాక్టరుతో నవ్వడానికి ఏముంటుందో.

ఆటలున్న రోజు డోసు తగ్గించుకోమన్నాడట. "నేను అడిగా, చెప్పాడు" అన్నాడు. అంత సులువు.

మార్చి 9

భోజనాల దగ్గర పెద్దాడు నాలుగో ముద్దకి ఆగి, వేలు గుచ్చి చూసుకుని "అరవై రెండు. తగ్గింది" అన్నాడు, ఉప్పు అందించమన్నంత మామూలుగా.

పిడుగు పరుగెత్తి డబ్బా తెచ్చింది. కొత్త డబ్బా, గోళీలు లేనిది. వాడు నమిలాడు. ఇంటాయన తన లిఫ్టు కథ ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే ఎత్తుకున్నాడు. నా నోట్లో ఆరు ప్రశ్నలు వరస కట్టి నిలబడ్డాయి. నీళ్ళు తాగి మింగేశాను. కాసేపటికి మళ్ళీ చూసుకుని "ఓకే" అన్నాడు. తిన్నాం. చేతులు కడుక్కున్నాం.

ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. గుండె మీంచి ఎవరో బండ దించి పక్కన పెట్టినట్టుంది. వాడు చెప్పాడు. నాకు, నోరు తెరిచి, చెప్పాడు.

మార్చి 12

ఇద్దరూ కలిసి వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. పిడుగు చేతులు కట్టుకుంది, కార్మిక నాయకురాలిలా.

"ఊళ్ళో అందరి తరఫునా డిమాండ్లు రాస్తావుగా" అన్నాడు పెద్దాడు. "మావి కూడా రాయి. దిద్దకూడదు."

"చర్చలు ఉంటాయా?"

"ఉండవు" అంది పిడుగు.

చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒప్పుకుంటున్నాను.

1. షుగరు తగ్గిందంటే ముందు బిళ్ళలివ్వాలి. ప్రశ్నలు తరువాత. రేపైనా ఫరవాలేదు.

2. మీటర్లో అంకె చూసి మొహం మార్చకూడదు.

3. ఆడి వస్తే ముందు ఎవరు గెలిచారని అడగాలి. ఎంతుందని తరువాత.

4. మా గురించి పేపర్లో రాసేముందు మమ్మల్ని అడగాలి. వద్దంటే వద్దు.

5. మందుల షాపులో ఉపన్యాసం ఇచ్చుకోవచ్చు, పెద్దాడు పక్కన లేనప్పుడు.

6. స్కూల్లో సూది వేసుకోవడానికి తలుపున్న గది కావాలి. టాయిలెట్ కాదు, స్టాఫ్ రూమ్ కాదు. దీని కోసం అమ్మ ఎంత గట్టిగా అరిచినా అభ్యంతరం లేదు.

7. ఇంట్లో పంచదార ఉండాలి. ఒకరి ఎదుట ఒకరు తినొచ్చు.

8. పిడుగు బిళ్ళలు ముట్టదు. తగ్గినప్పుడు డబ్బా తెచ్చే పని దానిదే, ఇంకెవరూ లాక్కోకూడదు.

9. జబ్బు గురించి ఏది అడిగినా నిజం చెప్పాలి. తెలియకపోతే తెలీదనాలి. చిన్నపిల్లవి నీకెందుకు అనకూడదు.

10. ఆసుపత్రి నుంచి వచ్చినరోజు పిడుగుని కూడా అడగాలి, నీకెలా ఉందని. దానికి జబ్బు లేకపోయినా.